ఆముదం తాగే బండి

“ఆంటీ, గరాజ్‌లో ఆ పాత బైక్ ఉంది కదా, దానికి బ్రేక్స్ ఎక్కడున్నాయి? నేను చుట్టూ తిరిగి చూశాను, కనపడలేదు.”

ఉంటే గదా కనపడటానికి. కూర్చో షారోన్, అట్లా గుమ్మంలో నిలబడితే నాకు విసుగు. ఆ ఫోను టీపాయ్ మీద పెట్టు. రికార్డ్ అవుతుందా? సరే. మీ యూత్ వాళ్ళు చర్చిలో పెద్దవాళ్ళ జ్ఞాపకాలు రికార్డ్ చేస్తున్నారని మీ అమ్మ చెప్పింది. నేను పొద్దున్నుంచి ఏం చెప్పాలా అని మనసులో సర్దుకుని కూర్చున్నా. బాపట్లలో మా నాన్న హెడ్మాస్టరు, మిషన్ కాంపౌండ్‌లో ఇల్లు, ఈస్టర్ పొద్దున పాటలు పాడుకుంటా ఊరంతా తిరగటం, అట్లాంటివి. నువ్వేమో కారు దిగీ దిగగానే ఆ బండి గురించి అడిగావు. ఇంకేముంది. ఈ ఇంటికి ఎవరొచ్చినా అంతే. ఇన్నేళ్ళు హాస్పిటల్లో నర్సుగా చేశాను, నైట్ డ్యూటీలు చేశాను, ఒక్కళ్ళు అడగరు. ఆ బండి గురించి అడుగుతారు.

బ్రేకులు లేవు తల్లీ. ముందు లేదు, వెనక లేదు. గేర్లు మార్చేది లేదు, ఉన్నది ఒకటే గేరు. తాళం చెవి లేదు, కిక్ రాడ్డు లేదు, లైటు లేదు, హారను లేదు, ఆఖరికి బ్యాటరీ కూడా లేదు. రేసు బండి అది. స్పీడ్‌వే అంటారు. చిన్న మట్టి ట్రాకు, గుడ్డు ఆకారంలో ఉంటది, నలుగురు దిగి ఎడమకే తిరుగుతా ఉంటారు. ఎడమకి తిరగాలంటే హ్యాండిల్ కుడికి తిప్పాలంట. నవ్వకు, నిజం. వెనక చక్రం మట్టిలో జారిపోతా ఉంటే ముందు చక్రాన్ని అటు తిప్పిపట్టి, ఎడమ కాలు నేల మీద ఈడ్చుకుంటా పోతారు. ఆ కాలి బూటుకి ఇనప చెప్పు ఒకటి తొడుక్కుంటారు. అది చేయించుకునే రోజుల్లో మీ అంకుల్ నా దోశ పెనం చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. లాక్కుని తీసుకెళ్ళి చీరల మధ్యలో దాచిపెట్టా.

మరి బ్రేకులు ఎందుకు లేవండీ అంటే, నలుగురు ఆనుకుని పోయేచోట ఒకడు బ్రేకు వేస్తే వెనకోడు వచ్చి గుద్దుతాడంట. ఎవరికీ లేకపోవటమే సేఫ్టీ అంట. ఇది మీ అంకుల్ చెప్పే సేఫ్టీ. ఇంట్లో స్టవ్ దగ్గర నేను అగ్గిపుల్ల గీస్తే మాత్రం పరిగెత్తుకుంటా వస్తాడు.

మన పాస్టర్ అయ్యగారు ఎవరు కొత్త కారు కొన్నా వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రేయర్ చేస్తారు గదా. ఈ బండి మొదటిసారి చక్రాల మీద నిలబడిన ఏడు ఈయన అయ్యగారిని పిలిచాడు. పాపం ఆయన స్నోలో డ్రైవ్ చేసుకుంటా వచ్చారు. ట్యాంకు మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, ప్రభువా ఈ వాహనం బ్రేకులు ఎన్నడూ ఫెయిల్ కాకుండా కాపాడు అన్నారు. ఈయన ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచి, “అయ్యగారూ, దీనికి బ్రేకుల్లేవండి” అన్నాడు. ప్రార్థన మధ్యలో, చూడు. నాకు భూమిలోకి పోయినంత పనైంది. అయ్యగారు ఒకసారి బండి కేసి చూశారు, ఒకసారి నా కేసి చూశారు, మళ్ళీ కళ్ళు మూసుకుని, “అయితే నువ్వే చూసుకో ప్రభువా” అని ఆమెన్ అనేశారు. అంత ఖచ్చితమైన ప్రార్థన నేను మళ్ళీ వినలేదు.

ఎట్లా వచ్చిందంటే... ఉండు, కాఫీ తాగు ముందు. షుగర్ తక్కువేశా, మీ అమ్మ నీకు తక్కువే అలవాటు చేసిందని చెప్పింది. ఎట్లా వచ్చిందంటే, మేం అమెరికాలో ఈ నోవై ఊరికి వచ్చిన కొత్తల్లో అంకుల్‌కి ఇక్కడ కార్ల కంపెనీలో ఉద్యోగం. ఇంజన్ టెస్టింగ్ ల్యాబు. ఇంజన్లని స్టాండు మీద బిగించి అవి పగిలిపోయేదాకా నడిపించటం, ఎందుకు పగిలిందో రాయటం, అదీ పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంజన్లని చంపి ఇంటికొచ్చేవాడు. మా అమ్మాయి హెప్సి అప్పటికి చిన్నపిల్ల, ఇప్పుడు కాపెల్ అనే ఊళ్ళో ఉంది చూడు, దానికి ఇద్దరు పిల్లలు. ఒక ఆదివారం చర్చి అయిపోయాక, యాపిల్స్ కోసుకోవటానికి పోదాం అని బయల్దేరదీశాడు. నేను పట్టుచీరలో ఉన్నా. యాపిల్ తోట లేదు ఏమీ లేదు, ఒక ఫామ్ ముందర ఆపాడు. బార్న్ అంటే గడ్డికొట్టం, దాంట్లో చెక్కపెట్టెలు. పెట్టెల నిండా ఇనప ముక్కలు. అదే ఈ బండి.

అది ఒక అమెరికన్ ముసలామె వాళ్ళ ఆయనది. డోరతీ అని, మంచి మనిషి. వాళ్ళ ఆయన కుర్రతనంలో కాలిఫోర్నియాలో ఆ బండి మీద రేసులు తిరిగాడు, తర్వాత విప్పి బాగుచేద్దామని పెట్టెల్లో పెట్టాడు, అట్లాగే పోయాడు. మీ అంకుల్ ఆ ముక్కలన్నీ పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తి వ్యానులో పెడుతున్నాడు. డోరతీ నా పక్కన నిలబడి, నా చీర అంచు పట్టుకుని చూసి, చాలా బాగుందని చెప్పి, మెల్లిగా అంది, “ఆల్మోస్ట్ డన్ అంటాడు. ఎప్పుడూ నమ్మకు.” ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలా. ఎంతకి కొన్నాడో ఈ రోజుకీ చెప్పలేదు. అడిగితే, ఇనుము విమలా, తూకం రేటే అంటాడు.

ఆ పెట్టెల్లో ఉన్న ఇంజను గురించి చెప్తాను విను, నాకు ఇష్టమై కాదు, వినీ వినీ నోటికొచ్చేసింది. వాక్య భాగాలు కంఠతా రావటానికి సండే స్కూల్లో మాకు ఎంత కష్టమయ్యేదో. ఇది మాత్రం నిద్రలో లేపినా చెప్తాను. ఇంగ్లండులో ఒక చిన్న కంపెనీ వాళ్ళది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వేసిన డిజైను. ఒకటే సిలిండరు, ఐదొందల సీసీ. యుద్ధానికి ముందు అది గెలిచింది, యుద్ధం అయినాక కూడా అదే గెలిచింది. ఫ్రేములు మారినయ్, టైర్లు మారినయ్, తోలేవాళ్ళు ముసలోళ్ళయి కొడుకులు వచ్చారు, ఇంజను మాత్రం అదే. ఎందుకంటే అందులో తీసేయటానికి ఏమీ లేదంట. బరువంతా తీసేసి, అక్కర్లేనిదంతా తీసేసి, ఇంక తీస్తే ఇంజనే ఉండదు అన్నచోట ఆపారంట. ఆ మాట ఈయన వాక్యం చదివినట్టు చెప్తాడు. ఒకసారి అడిగాను, మీరు చేసేది కూడా ఇంజన్లే గదా, వాటి మీద లేని ప్రేమ దీని మీద ఏంటని. “మేము టెస్ట్ చేసినవన్నీ ఇప్పుడు స్క్రాప్‌లో ఉన్నయ్ విమలా. దీన్ని చేసినోళ్ళు పోయారు, ఇది ఉంది” అన్నాడు.  

కానీ కోపం రాకుండా ఎట్లా ఉంటది చెప్పు. నా ఓవెన్ చూశావా, డోర్ మీద మరక? అది కేకుది కాదు. ఆ ఇంజను డొప్ప అల్యూమినియంది. దాన్ని ఓవెన్లో పెట్టి వేడి చేస్తే కాస్త సాగుద్ది, అప్పుడు బేరింగుని దాంట్లోకి వదిలితే చక్కగా కూర్చుంటది, చల్లారాక పట్టేస్తది. అది గరాజ్‌లో ఎందుకు చెయ్యడు? ఓవెన్ వంటింట్లో ఉంది గనక. ఆ ఏడు క్రిస్మస్ కేకు ఆముదం వాసన. నువ్వు కనుక్కోలేవు, మీ తరానికి ఆముదం తెలీదు, మా అందరికీ తెలుసు. ఈ బండి పెట్రోలు తాగదమ్మా. మెథనాలు అంటారు, ఒకరకం ఆల్కహాలు, అది తాగుద్ది. మామూలు ఇంజనాయిలు ఆ ఆల్కహాలుకి నిలబడదు, కొట్టుకుపోద్ది. ఆముదం ఒక్కటే నిలబడుద్దంట. అందుకని రేసుల కోసమే శుద్ధి చేసిన ఆముదం డబ్బాల్లో తెప్పించుకుంటారు. పోసిన ఆముదం మళ్ళీ తిరిగి ట్యాంకులోకి రాదు, కొంత కాలిపోద్ది, కొంత నేల మీద కారిపోద్ది. నేల అంటే నా గరాజ్ నేల.

ఒకసారి ప్రేయర్ మీటింగు మా ఇంట్లో పెట్టుకున్నాం. ముందు గదిలో కూర్చున్న పెద్దావిడ, రాజమండ్రి ఆవిడ, ముక్కు ఎగబీల్చి, విమలమ్మా హెప్సికి పురుడొచ్చిందా, చెప్పనేలేదే అంది. పసిపిల్లకి మాడుకి ఆముదం పెడతారు గదా, ఆ వాసన అనుకుంది. హెప్సి అప్పుడు హైస్కూల్లో ఉంది తల్లీ. దాని ముఖం చూడాలి. ఆ రోజంతా అది వాళ్ళ నాన్నతో మాట్లాడలా.

అసలు సంగతి అది కాదు, ఆముదం అంటే గుర్తొచ్చింది. ఆల్మోస్ట్ డన్, ఆల్మోస్ట్ డన్ అంటా ఏళ్ళు గడిపి, రిటైర్ అయినాక ఎట్టకేలకి బండి పూర్తి చేశాడు. ఇక్కడికి కాస్త దూరంలో ఫెయిర్‌గ్రౌండ్స్‌లో అంటే తిరునాళ్ళ మైదానంలో, పాత రేసు బళ్ళ వాళ్ళంతా ఏటా కలుస్తారు, పోటీ కాదు, ఊరికే తలా రెండు చుట్లు తిప్పుకుంటారు. దానికి పోదామన్నాడు. బయల్దేరే ముందు చూస్తే ఆ శుద్ధి చేసిన ఆముదం డబ్బా ఖాళీ. తెప్పించేంత టైం లేదు. ఇంకెవరైనా అయితే మానుకుంటారు. ఈయన ఇండియన్ స్టోరుకి పోయాడు. ఆముదం మనదే గదా, వీళ్ళకి నేర్పిందే మనం అన్నాడు. రెండు సీసాలు తెచ్చాడు. నేను మూత తీసి వాసన చూశా. సంపెంగ వాసన. ఏవండీ, ఇది తలకి రాసుకునేది, ఇందులో ఏవేవో కలుపుతారు అన్నాను. కళ్ళజోడు పెట్టుకుని చూడు, క్యాస్టర్ అని రాసుంది అన్నాడు. ఇంజనీరు గదా, రాసింది నమ్ముతాడు, పెళ్ళాం ముక్కు నమ్మడు.

ట్రాకు మీదకి దిగాడు. తోలు సూటు, హెల్మెట్, ఇనప చెప్పు. మనవాళ్ళు చర్చి నుంచి కార్లేసుకుని వచ్చారు చూట్టానికి, పులిహోర కట్టుకుని. ఇద్దరు మనుషులు వెనక నుంచి తోస్తే బండి అందుకుంది. పెద్ద చప్పుడు. మొదటి మలుపు తిరిగాడు. సంపెంగ వాసన వచ్చింది ట్రాకంతా. రెండో మలుపు దాకా పోకుండానే కీచుమని బండి నిలబడిపోయింది. ఇంజను లోపల పట్టేసింది. తలనూనెలో కలిపింది ఆ ఆల్కహాలుతో కలవలేదంట, జిగురై నూనె పోయే దారి మూసుకుపోయిందంట. అదంతా నాకు తర్వాత చెప్పాడు.  ఇంటికొచ్చేటప్పుడు వ్యానులో నేనే అన్నాను, పోనీలెండి, ఇంజనుకి జుట్టన్నా ఒత్తుగా వస్తది అని. నవ్వలా. నవ్వకపోతే నాకేం, నేను ఇంటిదాకా నవ్వుకున్నా.

మళ్ళీ విప్పాడు. మళ్ళీ పిస్టను, మళ్ళీ ఎక్కడెక్కడి నుంచో ముక్కలు, మళ్ళీ నా ఓవెను. అన్నీ కుదిరేసరికి ఆయన చెయ్యి వణకటం మొదలైంది. మొదట కాఫీ కప్పు సాసర్ మీద టకటకలాడింది. నాకు ఆ చప్పుడు వినగానే తెలిసిపోయింది, నర్సుని గదా. డాక్టరు పార్కిన్సన్స్ అని చెప్పేదాకా ఆయనకి తెలీదు, నేను ముందే తెలిసి ఊరుకున్నా. ఎడమ చెయ్యి ఎక్కువ. ఆ చేతితోనే క్లచ్ పట్టుకోవాలి.

హెప్సి కాపెల్ నుంచి వచ్చి ఫైనల్‌గా చెప్పేసింది, డాడీ ఇంక ఆ బైక్ వద్దు అని. ఇండియానా వైపు ఒక పెద్దమనిషికి పాత రేసు బళ్ళు కూడబెట్టే అలవాటు ఉంది. వచ్చి చూశాడు. తీసుకెళ్తాను, నూనె గీనె అంతా తీసేసి అద్దాల గదిలో పెడతాను, అందరూ చూస్తారు అన్నాడు. ఈయన ఒప్పుకున్నాడు. ఇంత తొందరగా ఒప్పుకున్నాడేంటా అని నాకు అనుమానమే. ఆ నెలలోనే బుధవారం ప్రేయర్ మీటింగు నుంచి వచ్చి, కేకు చేద్దామని ఓవెన్ తెరిస్తే, ట్రే మధ్యలో ఒకే ఒక స్పార్క్ ప్లగ్గు, కేకు మీద జీడిపప్పు పెట్టినట్టు. ఏంటండీ ఇది అంటే, కడిగాను, ఆరబెట్టుకుంటున్నా అన్నాడు. ప్లగ్గు వేడిగా ఉంటే ఇంజను త్వరగా అందుకుంటదని నాకు చెప్పింది ఈయనే. అద్దాల గదిలో పెట్టే బండికి వేడి ప్లగ్గు ఎందుకు? నిలదీస్తే బయటపడింది. ఫెయిర్‌గ్రౌండ్స్‌లో మళ్ళీ ఆ బళ్ళ వాళ్ళు కలిసే రోజు దగ్గరపడింది. ఈయన పేరు ఇచ్చేశాడు. బండిని ఇచ్చేలోపు తిరిగొద్దామని.

నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఏమనుకుంటున్నారు, ఈ వయసులో పడితే తుంటి విరుగుద్ది, తుంటి విరిగిన పార్కిన్సన్స్ పేషెంటు మంచం మీద నుంచి లేవడు, నేను ఎంతమందిని చూశాను, నన్ను ఇంట్లో కూడా ఆ డ్యూటీ చెయ్యమంటారా అని అడిగాను. గట్టిగానే అడిగాను. ఆయన సోఫాలో కూర్చుని చేతిని చేత్తో పట్టుకుని విన్నాడు. విని ఒకటే మాట అన్నాడు.

“ఒక్క చుట్టు, విమలా. ఇన్నేళ్ళలో దాని మీద ఒక్క చుట్టు కూడా పూర్తిగా తిరగలా.”

నేను వినలా. ఆ బండికి కిక్కు లేదు గదా, వ్యానులోకి ఎక్కించాలన్నా, స్టార్ట్ చెయ్యాలన్నా వెనక నుంచి ఎవరో ఒకరు తోస్తేగాని కదలదు. ఇంతకుముందు తోసింది మన చర్చి మగవాళ్ళే. ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చేశా. మా ఆయన ఆనందం గారు పిలిస్తే వెళ్ళారంటే క్రిస్మస్ బిర్యానీకి మా ఇంటికి రావద్దు అని చెప్పా. మీ నాన్నకి కూడా చేశా, అడుగు కావాలంటే. అందరూ భయపడ్డారు. ఈయన ఫోన్ చేస్తే ఒకళ్ళకి నడుం నొప్పి, ఒకళ్ళకి చికాగోలో పని. అన్నీ విన్నాడు. ఫోను పక్కన పెట్టి, నా దగ్గరికొచ్చి, సరే అన్నాడు. ఇండియానా ఆయన్ని ముందే వచ్చి తీసుకెళ్ళమని చెప్తాలే అన్నాడు.

గెలిచాను గదా. సంతోషంగా ఉండాలి గదా. నాకు ఆ సరే నచ్చలేదు షారోన్. పెళ్ళైన దగ్గర్నుంచి ఆ మనిషి నాకు దేనికీ సరే అనలేదు. కూరలో ఉప్పు ఎక్కువైందంటే కాదంటాడు, తలుపు వెయ్యమంటే ఎందుకంటాడు. ఇప్పుడు మందు వేసుకోండి అంటే సరే. అన్నం తినండి అంటే సరే. టీవీ ఆపెయ్యనా అంటే సరే. ఆ మాట నేను వార్డులో వినేదాన్ని. ఏం చెప్పినా సరే సరే అనే పేషెంటు దగ్గరే మేం ఎక్కువసేపు నిలబడేవాళ్ళం. గొడవ చేసేవాడు లేచి ఇంటికి పోతాడు. సరే అనేవాడి గురించే భయం. నాకు నిజంగా భయమేసింది.

ఆ బళ్ళ వాళ్ళు కలిసే శనివారం పొద్దున్నే లేపి, బయల్దేరండి అన్నాను. ఎక్కడికి అన్నాడు. నోరు మూసుకుని బట్టలు వేసుకోండి అన్నాను. పొద్దున గుడ్డు పెట్టలా, పాలు ఇవ్వలా, ఆ మందు ప్రోటీన్‌తో సరిగా పట్టదు. ఉత్త బ్రెడ్డు జామ్. ఆయన ట్రాకు మీదకి వెళ్ళాల్సిన టైం కనుక్కుని, చెయ్యి అన్నిటికన్నా నిలకడగా ఉండే వేళ దానికి కలిసేట్టు మాత్ర వేశాను. ఆముదం డబ్బా నేనే చూశాను, సీలు తీయనిది, ఏ వాసనా లేనిది. ఎదురింటి అబ్బాయి బండిని వ్యానులోకి ఎక్కించి కట్టిపెట్టాడు. వ్యాను నేనే డ్రైవ్ చేశా. హెప్సి ఫోన్ చేసి, మమ్మీ ఆర్ యూ క్రేజీ, నువ్వు నర్సువి అంది. నర్సునే అన్నాను, పెట్టేశాను.

అక్కడ ట్రాకు గేటు దగ్గర ఒక అమెరికన్ ఆయన, అన్నీ చెక్ చేసేవాడు, చేతికి తీగ కట్టుకున్నావా అని అడిగాడు. ఆ బండికి అదొకటి ఉంది. ఇంజను మీద నుంచి ఒక తాడు లాంటిది వచ్చిద్ది, దాని కొస మనిషి కుడి మణికట్టుకి కట్టాలి. మనిషి పడిపోతే తాడు ఊడి ఇంజను ఆగిపోద్ది. ఈయన కట్టుకోబోయాడు. ఎంత మాత్ర వేసినా వేళ్ళకి ముడి పడటం లేదు. చూస్తున్నవాళ్ళు మొహాలు అటు తిప్పుకున్నారు. నేను వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుని కట్టాను. ఒక ముడి వేశా, రెండోది వేశా. చాలు విమలా అన్నాడు. మూడోది కూడా వేశాను.

తొయ్యటానికి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు, భుజాలు ఇంతేసి. ఒకణ్ణి పక్కకి జరగమన్నా. మేడమ్ యు షుడ్ స్టాండ్ బ్యాక్ అన్నాడు. జీవితమంతా స్ట్రెచర్లు తోశాను నాయనా, నాకు చెప్పకు అన్నాను, తెలుగులోనే అన్నాను, అయినా జరిగాడు. కొంగు దోపుకుని తోశా. స్నీకర్లు వేసుకున్నాలే. బండి కదిలింది, ఇంకాస్త తోశాం, ఈయన క్లచ్ వదిలాడు, ఒక్కసారి దగ్గింది, ఇంకోసారి దగ్గి అందుకుంది. చెవులు పగిలే చప్పుడు. నేను బురదలో మోకాళ్ళ మీద కూర్చుండిపోయా. అయ్యో ఇంకేముంది అనుకున్నా.

ఏమీ కాలా. వేరేవాళ్ళలా జారలా, కాలు ఈడ్చలా, మార్కెట్టుకి కూరగాయలకి పోయేవాడిలా నెమ్మదిగా పోయాడు. మొదటి మలుపు. ఆ వెనకసారి ఆగిపోయిన చోటు. అది దాటాడు. అవతలి వైపు ఆయన చిన్నగా కనపడతా ఉన్నాడు, ఆముదం వాసన ఇక్కడిదాకా వచ్చింది. నా చుట్టూ అందరూ చప్పట్లు కొడుతున్నారు, ఆ బండి వయసెంతో, ఆ ఇంజను ఏదో చెప్పుకుంటున్నారు, నాకు ఏదీ ఎక్కటం లేదు. నాలుగో మలుపు తిరిగి నా ముందుకొచ్చాడు. ఒక్క చుట్టు అయిపోయింది. ఆగాలా వద్దా? ఒక్కటే అన్నాడా లేదా? నా ముందు నుంచే, నన్ను చూసి కూడా, రెండో చుట్టుకి పోయాడు. ఆ మనిషి మాట మీద ఎప్పుడు నిలబడ్డాడు గనక. పళ్ళు నూరుకున్నా. ఏడుపూ వచ్చింది, నీ దగ్గర దాచటమెందుకు.

తర్వాత వచ్చాడు. గేటు దగ్గర క్లచ్ పట్టుకుని, ఇద్దరు ఆపితే ఆగింది. ఇంజను ఇంకా తిరుగుతానే ఉంది. తాడు ఆయన లాగేసుకోవచ్చు, చెయ్యి విదిలిస్తే చాలు. లాగలా. హెల్మెట్ అద్దం ఎత్తి, ఆ చెయ్యి నా వైపు చాపాడు. బాగా వణుకుతా ఉంది అప్పటికి. ఆ చప్పుడులో మాట వినపడలా, పెదాలు చూసి తెలుసుకున్నా.

“నువ్వు తియ్యి.”

లాగాను. ఆగిపోయింది. ఇన్నేళ్ళు ఆ దరిద్రం ఎప్పుడు ఆగుతుందా అని చూశానే, అది ఆగగానే అంత నిశ్శబ్దం నేను తట్టుకోలేకపోయా. మళ్ళీ స్టార్ట్ చెయ్యండి అని నోటిదాకా వచ్చింది. అనలా. అన్నానంటే నిజంగా చేస్తాడు, ఆ మనిషి సంగతి నీకు తెలీదు.

ఇండియానా వాళ్ళు మంగళవారం వస్తారంట బండి తీసుకెళ్ళటానికి. మీ అంకుల్ లోపల ఉన్నాడు, పడుకోమంటే ఎందుకు పడుకోవాలి అని పోట్లాడి పోట్లాడి ఇప్పుడే పడుకున్నాడు. ఏమోనమ్మా, ఇవన్నీ మీ రికార్డింగుకి పనికొస్తాయో లేదో. నీకు జాబు వచ్చిందంట గదా, ఇంక పెళ్ళి అంటారు ఇంట్లో. ఇట్లా రా, తల మీద చెయ్యి పెట్టనియ్యి. దేవుడు నీకు విసుక్కోటానికి ఒక మనిషిని ఇవ్వాలి తల్లీ. నూరేళ్ళు విసుక్కునేట్టు ఇవ్వాలి.